సాగర్ పాత ఫొటోలు: ఇది ఏ ఏడుది, జర ఎవరన్న చెప్పుండ్రి

పానగల్లు_గట్టు
అందరికీ నమస్తే. మొన్న దసరాకు ఇల్లు దులుపుతుంటే అటక మీద నాయిన రేకుపెట్టె దొరికింది. పట్టా కాయితాలు, పాత శిస్తు రసీదులు, వాటి కింద ఒక కవర్ల ఈ ఫొటో. నలుపు తెలుపు, నాలుగు దిక్కుల సమానంగా ఉంది, చుట్టూ తెల్లటి అంచు. అమ్మ చంకల ఒక పిల్ల, తువ్వాల చుట్టి ఉంది. నాయిన పక్కన నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డడు. కాళ్ల కాడ టిఫిన్ క్యారియర్. వెనుక నాగార్జునసాగర్ డ్యాం. వెనుకకు తిప్పితే పెన్సిల్‌తోని "సాగరు" అని ఒక్కటే మాట. తేదీ లేదు.

అసలు పంచాయితీ ఏందంటే, ఆ చంకల పిల్ల నేనా మా అక్కనా? అక్క 1970 నవంబరుల పుట్టింది, నేను 1973 మే నెలల. నాయిన పోయి మూడేండ్లు. అమ్మను అడిగితే "ఇద్దరినీ తీస్కపోయినం బిడ్డా, ఏది ఎప్పటిదో నాకేం యాదికుంటది" అంటది. అక్క నాది అంటది, నేను నాది అంటున్న. ఫొటో ఎవరింట్ల ఉండాలె అన్నదాక వచ్చింది.

మీ దగ్గర కూడా సాగర్ పాత ఫొటోలు ఉంటే పెట్టుండ్రి. పోల్చుకుంటే ఏమన్న తెలుస్తదేమో.

హాలియా_పోరడు
అన్నా, మస్తు ఫొటో. మన నల్లగొండోళ్లకు బీచ్ అంటే గదే గదా. ఎండాకాలం సెలవులు రాంగనే నల్లగొండల ఎర్రబస్సు ఎక్కి, కనగల్, మా హాలియా, పెద్దవూర మీదికెళ్లి సాగర్. నా దగ్గర 1988ది ఒకటి ఉంది, లాంచీ ఎక్కి నాగార్జునకొండ పోయినప్పటిది. ఇంత దూరం నీళ్లు చూసి మా చెల్లె "నాయినా, అవుతలి ఒడ్డు ఏ దేశం" అని అడిగింది. గుంటూరు అని చెప్తే నమ్మలే.

వోడరేవు_అల్లుడు
బీచ్ అనకండి బాబూ. మా అత్తగారి ఊరు చీరాల. వోడరేవుకో సూర్యలంకకో వచ్చి ఒక్కసారి అల కొడితే తెలుస్తుంది సముద్రం అంటే ఏమిటో. మీది మంచినీళ్ల చెరువు.

హాలియా_పోరడు
ఆ చెరువు నీళ్లు పారితేనే అల్లుడు గారూ, మీ అత్తగారింట్ల అన్నం కుండ ఎక్కేది. 😀

వోడరేవు_అల్లుడు
అది నిజమే. ఒప్పుకుంటున్నా.

వర్క్_ఇన్‌స్పెక్టర్_రిటైర్డ్
నేను ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చాలా ఏళ్లు హిల్ కాలనీ క్వార్టర్లలోనే ఉన్నాం. ఫొటో పెద్దది చేసి చూశాను. నాకు కనిపించింది చెప్తాను.

శంకుస్థాపన 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు చేశారు. ఆ గుర్తుగా లేపిన స్తంభం వల్లనే పైలాన్ కాలనీకి ఆ పేరు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడిది జవహర్ కాలువ, ఎడమది లాల్ బహదూర్ కాలువ. రాతికట్టడం 1969 నాటికి అయింది. కానీ గేట్లు అప్పటికి లేవు. అవన్నీ బిగించేసరికి 1974 అయింది.

మీ ఫొటోలో మీ నాన్నగారి భుజం వెనుక చూడండి. స్పిల్‌వే (వరద నీళ్లు దుంకే భాగం) మీద స్తంభాలు పళ్ల వరసలా నిలబడి ఉన్నాయి. మధ్యలో గేట్లు లేవు, ఖాళీ. మొత్తం 26 గేట్లకు ఒక్కటీ కనబడట్లేదు. కాబట్టి 1969 తర్వాత, 1974కు బాగా ముందు. 1974లో తీసినదైతే కొన్ని గేట్లన్నా కనబడాలి.

ఇంకోటి. స్తంభాల మధ్య నుంచి పల్చగా నీళ్లు దుంకుతున్నాయి. స్పిల్‌వే క్రెస్టు, అంటే దాని పై అంచు, 546 అడుగులు, జలాశయం పూర్తి మట్టం 590. ఆ మధ్యలోని 44 అడుగుల నీళ్లను ఆపేవే గేట్లు. గేట్లు లేనప్పుడు 546 దాటితే చాలు, ఎవరూ ఎత్తకుండానే నీళ్లు దుంకేవి. అంటే పైన వరద ఉన్న రోజులు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అనుకోవచ్చు. మే నెల సెలవులు మాత్రం కాదు.

పానగల్లు_గట్టు
సార్, దండం మీకు. నేను ఇన్నిసార్లు చూసిన గని అక్కడ గేట్లు లేవన్న సంగతే సోయిలేదు. గని సార్, 1973 వానాకాలం కూడా కావచ్చు గదా? అప్పటికి నేను పుట్టిన. 🙂

వర్క్_ఇన్‌స్పెక్టర్_రిటైర్డ్
గేట్లను బట్టి చూస్తే 1973 కూడా కష్టమే అనిపిస్తుంది. కానీ ఫొటో ఒక కోణంలోనే ఉంది, ఆ చివర గేట్లు కనబడవు. పూర్తిగా కాదని నేను రాసివ్వలేను.

కందనూలు_మాస్టారు
ఇన్‌స్పెక్టర్ గారూ, చిన్న సందేహం. జలాశయం పట్టు మొదట్లో 408 టీఎంసీలని చదివాను, ఇప్పుడు 312 అంటున్నారు. ఆ తేడా అంతా పూడికేనా?

వర్క్_ఇన్‌స్పెక్టర్_రిటైర్డ్
పూడికే మాస్టారూ. ఇన్నేండ్ల ఒండ్రు అడుగున చేరింది. పైన చూస్తే అదే నీలం, అదే గట్టు. ఫొటోలో ఏ తేడా కనిపించదు.

మిర్యాలగూడ_స్టూడియో
నలభై ఏండ్లు స్టూడియో నడిపిన, ఇప్పుడు కొడుకు సూస్కుంటున్నడు. నా తరఫున రెండు ముక్కలు.

ఫొటో నలుచదరం, తెల్ల అంచు. ఇది 120 రీలు ప్రింటు. ఒక రీలుకు 12 ఫొటోలు. ఆ రోజుల్ల మన దిక్కు ఎక్కువ కనపడ్డది ఆగ్ఫా క్లిక్ త్రీ. బరోడాల తయారయ్యేది. మెడల ఏసుకొని తిరిగేటోళ్లు, దానికి అడ్జస్ట్ చేసే తిప్పలు తక్కువ. పండుగలకు రీళ్లు కడిగి ప్రింట్లు వేసేటప్పుడు మా నాయినకు తెల్లారిపోతుండె. మీ నాయిన దోస్తుల్ల ఎవరి దగ్గరో ఆ కెమెరా ఉండి ఉంటది. డ్యాం కాడ డబ్బులు తీస్కొని ఫొటోలు దించేటోళ్లు కూడా ఉండేటోళ్లు, గని వాళ్లు అయితే వెనుక ముద్ర ఏసేటోళ్లు. మీ దాని వెనుక పెన్సిల్ రాత ఒక్కటే ఉంది.

ఒక మాట. ఈ ఫొటోను ఫోన్‌తోని దించి పెట్టినట్లున్నరు, మీద లైటు పడ్డది. మంచి స్కానర్ మీద 1200 డీపీఐల స్కాన్ చేయించండి. ఆగ్ఫా క్లిక్ ప్రింటు అయినా పెద్దది చేస్తే చాన కనపడతది. అంచులు కోయకండి. చాన మంది అంచు కోసి ఫ్రేమ్ కట్టిస్తరు, ఆ అంచులనే సగం కథ ఉంటది.

డల్లాస్_నల్లగొండ
స్టూడియో అన్నా, నాకొక సమస్య. 1985, 86 నాటి మా కలర్ ఫొటోలన్నీ ఎర్రగా అయిపోయాయి. ఎత్తిపోతల దగ్గర తీసినవి. జలపాతం కూడా గులాబీ రంగులో పడుతున్నట్టుంది. అమ్మ అతుకుడు ఆల్బంలో పెట్టింది, ఆ ప్లాస్టిక్ కాగితం కింద. తీస్తే చిరిగిపోతోంది. ఏం చేయాలి?

మిర్యాలగూడ_స్టూడియో
ఆ కాలం కలర్ ప్రింట్లల్ల నీలం రంగు ముందు పోతది తమ్మీ. పెట్టెల చీకట్ల పెట్టినా పోతది. నీలం పోతే మిగిలేది ఎరుపే. స్కాన్ చేసి కంప్యూటర్ల రంగు సరిచేస్తే చాన మట్టుకు వస్తది, భయపడకు.

అతుకుడు ఆల్బంల నుంచి గోరుతోని పీకొద్దు. సన్నటి గట్టి దారం, పళ్ల మధ్య తీసే దారం ఉంటది చూడు, అది ఫొటో కింద పెట్టి మెల్లగ రంపం లెక్క ఇటు అటు లాగుకుంట పో. రాకుంటే వదిలెయ్యి. ఆల్బం పేజీనే కిటికీ కాడ, ఎండ నేరుగ పడని చోట పెట్టి, ఫ్లాష్ బంద్ చేసి, ఫోన్‌తోని దించు. చిరిగిన ఫొటో కన్నా ఫోన్‌ల ఫొటో నయం.

డల్లాస్_నల్లగొండ
పని చేసింది అన్నా! ఆరు బయటికొచ్చాయి, ఒకటి మూల చిరిగింది. ఎత్తిపోతల కాడ మా బాబాయి మొసళ్ల మడుగు పక్కన గోడెక్కి కూర్చున్నాడు. మొసళ్ల పెంపకం అక్కడ ఇప్పటికీ ఉందా?

హాలియా_పోరడు
ఉంది అన్నా. చంద్రవంక వాగు మీద 70 అడుగుల నుంచి నీళ్లు పడుతనే ఉన్నయి. గోడెక్కి కూచోనియ్యరు గని.

నాగార్జునకొండ_శుక్రవారం
నా పేరు చూసి నవ్వకండి. మా ఇంట్లో ఇప్పటికీ ఇదే ఎగతాళి. 1996లో సూర్యాపేట నుంచి జీపు మాట్లాడుకుని, ఇద్దరు మేనత్తలతో, పదకొండు మంది పిల్లలతో వెళ్లాం. గంట దాకా లాంచీలో ప్రయాణం చేసి కొండ మీద దిగితే మ్యూజియం తాళం. శుక్రవారం సెలవు! ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ మూసిన తలుపు ముందు అందరం నిలబడి దిగిన ఫొటో ఇది. మా నాన్న మొహం చూడండి. జీపు మాట్లాడింది ఆయనే.

తర్వాత మళ్లీ వెళ్లి చూశాం. డ్యాం కడితే నాగార్జునకొండ లోయ అంతా నీళ్ల కిందికి పోతుందని, 1954 నుంచి 1960 దాకా తవ్వి, బయటపడ్డ కట్టడాలను రాయి రాయి విప్పి కొండ మీద, అనుపులో తిరిగి కట్టారట. అనుపులో మెట్ల రంగస్థలం దగ్గర చప్పట్లు కొట్టి మా మేనత్త "ఏమే, వినిపిస్తుందా" అని అరిచింది. పై మెట్టు మీద నాకు స్పష్టంగా వినిపించింది.

కందనూలు_మాస్టారు
మా దిక్కున శ్రీశైలం నీళ్లొచ్చినప్పుడు కూడా గుళ్లను అట్లే విప్పి తెచ్చారు. అలంపురం దగ్గర కూడవెల్లి సంగమేశ్వరం అట్లా వచ్చిందే. ఇప్పుడు సోమశిలలో పడవెక్కే పిల్లలకు ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయంటే నమ్మకం కుదరదు. గుళ్లకు నంబర్లు వేసి రాళ్లు తెచ్చారు. ఇండ్లకు ఎవరూ నంబర్లు వేయలేదు.

కొత్త_సభ్యుడు_77
ఇప్పుడు 26 గేట్లు ఎవరివి అనేది తేల్చండి ముందు. 13 వాళ్లవి 13 మనవి అని

వేదిక_నిర్వహణ
నీళ్ల పంచాయితీకి వేరే శీర్షిక ఉంది. ఈ దారంలో ఫొటోలు మాత్రమే. తర్వాత వచ్చిన నాలుగు వ్యాఖ్యలు తీసేశాం.

దేవరకొండ_అక్క
తమ్ముడూ పానగల్లు గట్టు, మీరంతా డ్యాం చూస్తున్నరు, గేట్లు లెక్క పెడుతున్నరు. పిల్లను ఎవరూ చూస్తలేరు.

ఏఎన్ఎంగా ముప్పై ఏండ్లు పల్లెల్ల తిరిగిన. ఎంతమంది పిల్లలను తూకం ఏసిన్నో లెక్క లేదు. సార్ చెప్పినట్టు ఇది వానాకాలం ఫొటో. నువ్వు మే నెలల పుట్టినవంటే 1973 వానాకాలంల నీకు మూడు నుంచి ఐదు నెలలు. ఆ వయసు పిల్లను ఎవరూ గట్ల చంకల కూచోబెట్టుకోరు, పడుకోబెట్టినట్టు రెండు చేతుల్ల ఎత్తుకుంటరు. ఈ పిల్ల మీ అమ్మ నడుం మీద కాళ్లు అటొకటి ఇటొకటి ఏసి కూచున్నది. మెడ నిలిచింది, నడుం నిలిచింది. ఒక చెయ్యి మీ అమ్మ పుస్తెలతాడు పట్టుకొని గుంజుతున్నది, సరిగ్గ చూడు. తొమ్మిది పది నెలల పిల్ల. నవంబరుల పుట్టిన పిల్లకు మల్లొచ్చే ఆగస్టు, సెప్టెంబరుకు అంతే అయితది.

1971. మీ అక్కనే.

హాలియా_పోరడు
కొట్టింది అక్క. కేసు క్లోజ్.

పానగల్లు_గట్టు
నేను 1974 వానాకాలం అంటే?

దేవరకొండ_అక్క
అప్పటికి నీకు ఏడాది దాటి మూడు నెలలు. నడుస్తుంటవు. చంకల నిలువవు, నీళ్ల దిక్కు ఉరుకుతవు. మల్ల గేట్ల సంగతి సార్ ఉండనే ఉన్నరు.

పానగల్లు_గట్టు
అక్కకు ఇంకా చెప్పలే. ఒక వారం ఆగి చెప్త. 🙂 స్టూడియో అన్న చెప్పినట్టు స్కాన్ చేయించిన, ఇదిగో. అంచులు కోయలే. పుస్తెలతాడు గుంజుడు నిజమే, ఇప్పుడు సాఫ్ కనపడుతున్నది.

హాలియా_పోరడు
నావి 2009 అక్టోబరువి, 2019 ఆగస్టువి రెండు సెట్లు పెడుతున్న. రెండుసార్లు గేట్లన్నీ ఎత్తిండ్రు. 2009ల డిజిటల్ కెమెరా, లెన్సు మీద తుంపర్లు పడి సగం ఫొటోలు మసక. 2019ల ఫోన్, అన్నీ సాఫ్, అన్నీ సెల్ఫీలే. డ్యాం కన్నా మా బామ్మర్ది మొఖమే ఎక్కువున్నది. కొత్తగా పోయేటోళ్లకు బుద్ధవనం కూడా ఉంది, 274 ఎకరాలల్ల, 2022ల తెరిచిండ్రు. అమరావతి స్తూపం లెక్క కట్టిండ్రు. మా పిల్లలకు అదే నచ్చింది, లాంచీ కంటే.

పాలమూరు_బిడ్డ
ఇన్ని రోజులు చదువుకుంట ఊకున్న. కొత్త స్కాన్ చూసినంక రాయాలనిపిచ్చింది.

మేము మక్తల్ దిక్కోళ్లం. మా ఇంట్ల కూడా సాగర్ మాట చాన వస్తది గని, సెలవులకు పోయిన ముచ్చట కాదు. మా తాత, అవ్వ ఆడ పనికి పోయిండ్రు. పాలమూరు లేబర్ అంటే తెలుసు గదా, దేశంల ఏ డ్యాం కాడ చూసినా మావోళ్లు ఉంటరు. సాగర్ రాతికట్టు. మనుషులు మోసి కట్టిన రాయి. మేస్త్రి గుంపును మాట్లాడి తోల్కపోతే, గుడిసెలు ఏసుకొని ఏండ్లకేండ్లు ఆన్నే ఉన్నరు. మా పెద్దనాయిన ఆన్నే పుట్టిండు.

తాత ఫొటో మాకు ఒక్కటి లేదు. ఉన్నదల్లా రేషన్ కార్డు మీది ముసలప్పటిది, అది కూడా ముద్ర మొఖం మీద పడ్డది.

అన్నా, మీ ఫొటోల ఎడమ దిక్కు కింది మూల, అంచుకు ఆనుకొని చూడుండ్రి. మీ టిఫిన్ క్యారియర్‌కు జర పైన. ముగ్గురు మనుషులు నడుస్తున్నరు. ఇద్దరు అటు తిరిగిండ్రు. మూడో ఆమె తల మీద తట్ట, ఒక చెయ్యి తట్టకు పట్టి, కెమెరా దిక్కే చూస్తున్నది.

పానగల్లు_గట్టు
ఇప్పుడే చూసిన. యాభై ఏండ్ల సంది మా ఇంట్ల ఉన్న ఫొటో. నేను ఒక్కసారి కూడా ఆ మూల చూడలే. ఫోన్‌తోని దించినప్పుడు ఆ మూలను కోసేసిన కూడా.

వర్క్_ఇన్‌స్పెక్టర్_రిటైర్డ్
1971 అంటే రాతికట్టడం అయిపోయింది కానీ, రోడ్లు, గేట్ల తాలూకు పనులు నడుస్తూనే ఉండాలి. కూలీలు ఉండటం సబబే. నేను పనిలో చేరేనాటికి ఆ గుంపులు వెళ్లిపోయాయి. గుడిసెలుండే చోట పొయ్యిరాళ్లు మాత్రం చాలా కాలం ఉండేవి.

పాలమూరు_బిడ్డ
నిన్న ఊరికి పోయి అవ్వకు ఫోన్‌ల చూపిచ్చిన. పెద్దగ చేసి చేసి చూపిచ్చిన. కండ్లు సరిగ్గ ఆనయి, ఫోన్‌ను ముక్కు కాడికి తెచ్చుకొని చూసింది. నేనేమో "నువ్వేనా అవ్వా" అనుకుంట గుండె కొట్టుకుంటున్నది.

"నేను కాదు" అన్నది.

ఎట్ల తెలుసు అంటే, తట్ట కింద తల మీద పెట్టుకునే సుట్టబట్ట చూపిచ్చింది. తను మడత ఏసి తిప్పేదట, ఈమె తాడు పేనినట్టు పేని పెట్టిందట. "మా గుంపు కాదు, వేరే ఊరోళ్లు" అన్నది. మల్ల జరసేపు చూసి నవ్వింది. "తట్ట చూడు, సగమే ఉంది. మేస్త్రి అవుతలికి పోయిండు" అన్నది.

మా అవ్వ సాగర్ ముచ్చట చెప్పుకుంట నవ్వంగ నేను చూసుడు గిదే మొదలు.

దేవరకొండ_అక్క
😊

పానగల్లు_గట్టు
తమ్మీ, స్టూడియో అన్నతోని మాట్లాడిన. రెండు ప్రింట్లు తీపిస్తున్న. ఒకటి అక్కకు. ఒకటి మీ అవ్వకు, పూర్తి ఫొటో, అంచులతోని. మీ ఊరు, ఇంటి నంబరు నాకు విడిగ మెసేజ్ పెట్టు, ఈడ రాయకు.

మిర్యాలగూడ_స్టూడియో
మూల జర తెలుపు ఎక్కువున్నది, నీడలు తీసి సరిచేసిన. మొఖం మట్టుకు ముట్టలే. కంప్యూటర్‌తోని ముక్కు మూతి గీస్తే అది వేరే మనిషి అయితది. పైసలు వద్దు.

పాలమూరు_బిడ్డ
ఫొటో అందింది అన్నా. అట్టలు పెట్టి మంచిగ కట్టిండ్రు, మడత పడలే. ఫ్రేమ్ కట్టిచ్చి దేవుని పటాల పక్కకు కాదు, అవ్వ మంచం కాడ గోడకు పెట్టిన, ఆమె అడిగిన కాడ. పొద్దుగాల లేసి చూసిందట. తట్ట ఆమెను కాదు, మీ అమ్మను చూపిచ్చి "ఆ చంకల పిల్ల ఎవరి పిల్లరా, మంగళసూత్రం తెంపుతదేమో" అని అడుగుతున్నది. ఏమని చెప్పాలె?

పానగల్లు_గట్టు
మా అక్క అని చెప్పు. నేను కూడా ఒప్పుకున్న.